పెద్దాయనకు పాలపళ్ళు

బొమ్మలు గీసి బతుకుదామనుకునే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, గోడ మీది పాత ఫోటోలు చూసి, "మీరు చేసిన వాటిలో అన్నిటికంటే పెద్ద పని ఏది సార్?" అని అడుగుతారు. నంద్యాలలో ఏ కూడలిలోనో మూడంతస్తుల ఎత్తు నిలబెట్టిన కటౌటు కథ చెబుతానని వాళ్ళ ఆశ. నాయనా, ఆ కటౌట్లన్నీ గాలికి పడిపోయాయి. నన్ను ఊరూరా తిట్టించిన పని మాత్రం ఒకటుంది. అది జొన్నగింజంత ఉంటుంది. ఈ వృత్తిలోకి దిగే ముందు దాని సంగతి మీరు వినడం మంచిది.

నేను గోడల మీద అక్షరాలు రాయడంతో మొదలుపెట్టాను. తర్వాత లారీల వెనక పేర్లు, దుకాణాలకు బోర్డులు. ఆ తర్వాత ఫ్లెక్సీల కాలం వచ్చి మా లాంటివాళ్ళ కుంచెలన్నీ అటకెక్కాయి. ఫ్లెక్సీ అంటే ఏదో పుట్టినరోజు శుభాకాంక్షలు అనుకుంటారు మీరు. అది విశ్వాసాన్ని కొలిచే తూకం. పైన ఒక పెద్ద తల, కింద గుండ్రాల్లో వరుసగా చిన్న తలలు. "వాని తల నా తలకంటే రవ్వంత పెద్దగుంది, ఎట్ల పెడతావ్?" అని నా షాపులో చొక్కాలు పట్టుకున్నవాళ్ళున్నారు. ఎన్నికలు అయిపోయాక పైనున్న తల మారుతుంది, కింద గుండ్రాలు అవే ఉంటాయి. పాత ఫైలు తెరిచి పై తల ఒక్కటీ మార్చి అచ్చేసి ఇచ్చేవాణ్ణి. అది చూసి నవ్వుకునేవాణ్ణి కూడా. అప్పటికి నా వంతు రాలేదు కదా.

షాపులో కంప్యూటర్ మీద కూర్చునే ఆవిడ మిడుతూరు వైపు మనిషి. వయసులో నాకంటే చాలా చిన్న, నోట్లో నాకంటే చాలా పెద్ద. నేను పక్కన కుర్చీ వేసుకుని చెబుతుంటే ఆవిడ గీసేది. చెప్పింది నచ్చకపోతే గీయకుండా చేతులు కట్టుకుని కూర్చునేది. నేను పని మానేసే ఆఖరి రోజుల్లో షాపు నిజానికి ఆవిడదే, బోర్డు మీద పేరు మాత్రం నాది.

అలాంటి రోజుల్లో ఆళ్ళగడ్డ నుంచి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. పెళ్ళి వీడియోలు తీసీ తీసీ విసుగెత్తి, ఎద్దుల బండలాగుడు పోటీలను ఫోన్లలో లైవ్ చూపించే చానెల్ పెట్టుకున్నాడు. కెమెరాను స్టాండుకు బిగించి పక్కన మైకు పట్టుకుని నిలబడితే, గిత్తలకంటే ఎక్కువ రొప్పేవాడు. జనం బాగానే చూసేవారు. అందులో కొందరు నెలనెలా చందా కట్టి మెంబర్లయ్యారు.

"అన్నా, బ్యాడ్జీలు కావల్ల" అన్నాడు వస్తూనే.

"కుచ్చులు పెట్టియ్యల్లనా, పిన్నులు సాలా?" అని అడిగాను. మా దగ్గర ఆహ్వాన సంఘం వాళ్ళు చొక్కాలకు తగిలించుకునే కుచ్చుల బ్యాడ్జీలు చాలా పోయేవి.

"అయ్యో, చొక్కాకు పెట్టేటివి కాదన్నా. లైవులో మెంబర్లు మెసేజీలు పెడతాంటారు గదా, వాళ్ళ పేరు పక్కన పడే బొమ్మ. చేరి ఎన్నాళ్ళయిందో దాన్ని చూస్తే తెలియల్ల. నెలలు పెరిగే కొద్దీ బొమ్మ మారతాది. నమ్మకంగా ఉండినోళ్ళకు మర్యాద సెయ్యల్ల గదా?"

"ఎంత సైజు?"

చిటికెన వేలి గోరు చూపించి, ఆ గోటిలో ఒక మూలను చూపించాడు.

మా ఆవిడ, అంటే కంప్యూటర్ ఆవిడ, నా వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ ఏనుగులకు అంగీలు కుట్టినాం. ఈయప్ప వచ్చి చీమకు కుట్టమంటాండాడు" అంది.

మొదట అందరూ చేసేదే మేమూ చేశాం. కంచు, వెండి, బంగారం, వజ్రం. తెర నిండా పెట్టి చూస్తే అద్భుతంగా ఉన్నాయి. అసలు సైజుకు తగ్గిస్తే కంచూ బంగారమూ రెండూ పసుపు మరకలే, వజ్రం ఉప్పుగల్లు. పైగా చానెలాయన పసుపు చూడగానే ఉలిక్కిపడ్డాడు. "ఈ రంగొద్దన్నా, ఆ పార్టీ అంటారు." నీలం పెడితే ఈ పార్టీ అంటారన్నాడు. ఆకుపచ్చ కొంచెం ఈ పార్టీది, కొంచెం ఇంకెవరిదో. ఎరుపు, కాషాయం గురించి నేను అడగనే లేదు. మా జిల్లాలో గుడ్డలకు వేసే రంగులన్నీ ఎవరో ఒకరు ముందే పట్టుకుపోయారు. చివరికి మిగిలింది తెలుపు.

"పోటీల్లో తెల్లగుండేది ఏముంది?" అని నాలో నేను అనుకుంటుంటే తట్టింది. పళ్ళు!

బండలాగుడు గురించి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. గిత్త వయసు మా వైపు సంవత్సరాల్లో చెప్పరు, పళ్ళల్లో చెబుతారు. పోటీలు కూడా అట్లాగే. పాలపళ్ళు ఇంకా ఊడనివి ఒక విభాగం, రెండు పళ్ళవి ఒకటి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, అవన్నీ దాటినవి సీనియర్లు. అంటే నెలల్ని బట్టి హోదా ఇవ్వడానికి కావలసిన మెట్లన్నీ గిత్త నోట్లోనే తయారుగా ఉన్నాయి. కొత్తగా చేరినవాడికి పాలపళ్ళు. కొంతకాలం ఉంటే రెండు, ఆ తర్వాత నాలుగు, ఆరు. రెండేళ్ళు వదలకుండా ఉన్నవాడికి అన్ని పళ్ళూ వచ్చిన నిండునోరు. చానెలాయన నా చేతులు పట్టుకుని ఊపేశాడు. నేనూ కాలర్ ఎగరేశాను, మీకెందుకు అబద్ధం చెప్పాలి.

నేను కాగితం మీద గీసి ఇచ్చిన మొదటి నోరు చూసి కంప్యూటర్ ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. "ఇది గిత్తనా అన్నా, పేస్టు కంపెనీ వాళ్ళ అల్లుడా? గిత్తకు పైన ముందరి పళ్ళుంటాయా యాడన్నా?" జీవితమంతా పోస్టర్ల మీద గిత్తల్ని వేశాను. ఒక్కటీ నోరు తెరిచింది కాదు. ఆవిడే పై వరుస చెరిపేసి, కింద వరుస ఒక్కటే పెట్టి, చుట్టూ నల్లటి పెదవి గీసింది. జొన్నగింజంత సైజులో కూడా ఇవి పళ్ళు అని తెలిసిపోయింది.

ఆవిడే షాపు నుంచి బ్యాడ్జీలు ఎక్కించాక కొన్నాళ్ళు చానెల్లో పండగే. జనం ఒకరి నోరు ఒకరు చూసుకున్నారు. "నాకు నాలుగు పళ్ళొచ్చినాయి, మిఠాయి పెట్టండి" అని రాసినవాడు ఒకడు, "పాలపళ్ళోడివి, సీనియర్లు మాట్లాడేటప్పుడు గమ్మునుండు" అని కసిరినవాడు ఇంకొకడు. నిండునోరు మొట్టమొదట వచ్చింది బనగానపల్లె ముసలాయనకు. ఆయన గురించి మీకు చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో పోయేదేదైనా ఉంటే అది ఆయనదే.

ఆయన ఒకప్పుడు గిత్తల జతలు తోలినవాడు. ఒక పోటీలో బండ కాలి మీదికి ఎక్కింది. ఆనాటి నుంచి మంచమూ, మంచం పక్కన ఫోనూ. లైవ్ మొదలైందంటే మొదటి మెసేజి ఆయనదే వచ్చేది. చానెలాయన దాన్ని మైకులో చదివి, "బనగానపల్లె మామ వచ్చినాడు, ఇంక తోలచ్చు" అనేవాడు. ఆ మాట మైదానంలో స్పీకర్లలో వినబడేది, ఫోన్లలో ఊళ్ళ నిండా వినబడేది. ముసలాయన ఇంట్లోవాళ్ళను, పక్కింటివాళ్ళను పిలిచి మరీ వినిపించేవాడట. లేచి మైదానానికి రాలేని మనిషికి మైదానంలో మిగిలిన చోటు ఆ ఒక్క మాటే.

ఇక అసలు రోజు దగ్గరికి వస్తాను. ఆళ్ళగడ్డ శివార్లలో పెద్ద పోటీలు పెట్టారు. కమిటీ అంటే పదిమంది పేర్లుంటాయి గాని, అదంతా ఒక పార్టీ పెద్దాయన చేతిలో ఉండేది. ఎవరి కెమెరా ఎక్కడ పెట్టాలో ఆయన మనుషులు చెప్పాలి. మైదానం అంచున చోటు దొరికితే చానెల్ బతుకుతుంది, దొరకకపోతే ఆ ఏడాదికి అంతే. అందుకని చానెలాయన తెలివిగా ఒక పని చేశాడు. పెద్దాయన ఫోన్లు మోసే అనుచరుణ్ణి పట్టుకుని, పోటీలకు ముందు రోజు పెద్దాయనను కూడా మెంబరుగా చేర్పించాడు. చోటు దొరికింది. బ్యాడ్జీలు చేసినందుకు నాకు శాలువా కప్పుతామని కబురు కూడా వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాను. ముందు రోజు చేరినవాడికి ఏ బొమ్మ పడుతుందో చానెలాయనకు తట్టలేదు, అది గీయించిన నాకూ తట్టలేదు.

వేదిక పక్కన ఇంటి గోడంత ఎల్ఈడీ తెర పెట్టారు. లైవూ, పక్కన మెసేజీలూ అందులో కనబడుతున్నాయి. పెద్దాయన సోఫాలో కూర్చున్నాడు. నేను వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో శాలువా కోసం ఎదురుచూస్తున్నాను. అనుచరుడు పెద్దాయన ఫోనులో ఏదో టైపు చేశాడు. తెర మీద పెద్దాయన పేరు పడింది, పక్కన "పోటీదారులందరికీ నా హృదయపూర్వక శుభాకాంక్షలు" అని వచ్చింది. ఆ పేరుకూ ఆ హృదయానికీ మధ్యలో, జొన్నగింజంత ఉండాల్సింది తలకాయంత అయి, లేత పాలపళ్ళు మెరిశాయి. నా పనితనం అంత స్పష్టంగా కనబడటం అదే మొదటిసారి. దాని కిందనే నిండునోటితో బనగానపల్లె ముసలాయన మెసేజి వచ్చింది: "కానీండప్పా, ఎండెక్కతాంది."

ట్రాక్టర్ల వెనక నుంచి ఎవడో అరిచాడు. "పెద్దాయనవి ఇంకా పాలపళ్ళేనంటప్పా! యా విభాగంలో దింపుదాం?"

ఆ నవ్వు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. ట్రాలీల మీద కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. జతలు పట్టుకున్నవాళ్ళు పగ్గాలు వదిలేసినంత పని చేశారు. పెద్దాయనకు పాపం ఏమీ అర్థం కాలేదు. జనం తనను చూసి సంతోషిస్తున్నారనుకుని లేచి నాలుగు దిక్కులకూ దండం పెట్టాడు. దానికి ఇంకా నవ్వారు.

నేను కెమెరా దగ్గరున్న చానెలాయన పక్కకు చేరేసరికి, అనుచరుడు మాత్రం మా దగ్గరికి వచ్చాడు. చానెలాయన చొక్కా పట్టుకోలేదు, అది మెచ్చుకోవాలి. భుజం మీద చెయ్యేశాడు. అది ఇంకా భయంగా ఉంది.

"ఏందప్పా ఇది? మా అన్నను దూడను చేసినారే?"

"నేను చేసింది కాదన్నా. నిన్న చేరినారు గదా, దానంతట అదే పడతాది. నెలలు మార్చేదానికి నా చేతిలో లేదు" అన్నాడు చానెలాయన.

"నెలలు మార్చలేవు. బొమ్మలు మార్చచ్చు గదా?" అనుచరుడికి చదువు ఎంత ఉందో నాకు తెలియదు గాని, ఆ క్షణంలో మా ఇద్దరికంటే చురుగ్గా ఉన్నాడు. "కొత్తోళ్ళకు నిండునోరు పెట్టు, పాతోళ్ళకు పాలపళ్ళు పెట్టు. అయిపాయ."

"పాతోళ్ళు ఏమనుకుంటారన్నా?"

"పాతోళ్ళు యాడికి పోతారప్పా? ఉంటారు. కొత్తోళ్ళకే గదా మర్యాద సెయ్యాల్సింది." తన పార్టీలో రోజూ జరిగేదాన్నే చెబుతున్నట్టు చాలా మామూలుగా అన్నాడు. "బేగా కానీ. లేదంటే కెమెరా మూసుకో."

చానెలాయన నా వైపు చూశాడు. నేను నంద్యాలలో షాపుకు ఫోను చేసి, కింది బొమ్మ పైకి, పై బొమ్మ కిందికి పెట్టమని కంప్యూటర్ ఆవిడకు చెప్పాను.

"నిన్న చేరినోనికి నిండునోరు, మొదట్నుంచీ ఉండినోనికి పాలపళ్ళా? ఇది చానెలా, పార్టీ ఆఫీసా అన్నా?"

"పెట్టమ్మా. ఈడ గొడవగా ఉండాది."

"పెడతా. పాతవి కూడా దాచిపెడతా" అని ఫోను పెట్టేసింది.

కాసేపటికి పెద్దాయన పేరు పక్కన పళ్ళు నిండిపోయాయి. నవ్వులు చల్లబడ్డాయి. జతలు దిగాయి, బండ కదిలింది. అప్పుడు తెర మీద బనగానపల్లె నుంచి ఇంకో మెసేజి వచ్చింది. పక్కన పాలపళ్ళు. "అల్లుడా, నా పళ్ళెవురు పీకినార్రా?"

చానెలాయన దాన్ని చూశాడు. చూసినట్టు నేను చూశాను. మైకు నోటి దగ్గరే ఉంది. అనుచరుడు పక్కనే ఉన్నాడు. దాన్ని వదిలేసి, ఆ కింద ఎవరో రాసిన మెసేజి చదివాడు. ముసలాయన అదే మాట మళ్ళీ రాశాడు. ఈసారి కూడా చదవలేదు. తర్వాత ఆయన ఏమీ రాయలేదు. సరిగ్గా అప్పుడే నన్ను వేదిక మీదికి పిలిచి పెద్దాయన చేత శాలువా కప్పించారు. ఎండలో ఆ శాలువా కింద నాకు పట్టిన చెమట సిగ్గుతో పట్టినదే.

తర్వాత జరిగింది చూస్తే మీకు మన రాజకీయం పాఠం చెప్పనక్కర్లేదు. కొత్తవాడికి నిండునోరు అని మెంబర్లు కనిపెట్టేశారు. నాలుగు పళ్ళవాళ్ళు, ఆరు పళ్ళవాళ్ళు పాత ఖాతా వదిలేసి, వేరే పేరుతో కొత్త ఖాతా తెరిచి మళ్ళీ చేరారు. పొద్దున ఈ గుమ్మంలోంచి పోయి సాయంత్రం అదే గుమ్మంలో దండ వేయించుకుని వచ్చినట్టు. "పాలపళ్ళోడివి" అని అందరినీ కసిరిన పెద్దమనిషే అందరికంటే ముందు గోడ దూకాడు. నమ్మకంగా ఉండినవాళ్ళకు మర్యాద చేయడానికి పెట్టిన బ్యాడ్జీ, ఉన్నవాళ్ళందరినీ జంపింగు చేయించింది.

చానెలాయన షాపుకు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. "మెంబర్లు తగ్గలేదన్నా. అందరూ నిండునోళ్ళే. గానీ పాతోడు ఒక్కడూ లేడు."

"ఒక్కడు ఉండాడు" అంది కంప్యూటర్ ఆవిడ తెర వైపు చూస్తూనే. "బనగానపల్లె ఆయప్ప. పాలపళ్ళతోనే ఉండాడు. ఆపొద్దు నుంచి మెసేజి మాత్రం పెట్టలే."

ఆ మర్నాడు చానెలాయనా నేనూ బనగానపల్లె బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన ఏం చెప్పాలో తయారు చేసుకుంటున్నాడు. ముసలాయన వరండాలో మంచం మీద ఉన్నాడు. కోడలు మజ్జిగ ఇచ్చింది. ఏం వచ్చినారని కూడా అడగలేదు ఆయన.

"మామా, నీకు కొత్త ఖాతా నేనే తెరిచిస్తా" అన్నాడు చానెలాయన. "అందరూ అట్లనే చేస్తాండారు. ఇప్పుడు చేరితే నిండునోరు వస్తాది."

"అంటే నేను పోయినట్లా, మల్ల వచ్చినట్లా?"

"పేరుకే మామా. ఉత్తుత్తికి."

"ఉత్తుత్తికి పోయేదెందుకురా? కాలు లేనోన్ని, నేను యాడికి పోతా?" ఆయన గొంతులో కోపం లేదు, అందుకే వినలేకపోయాను. "పళ్ళదేముంది. పెట్టుకోండి యాడన్నా. ఆపొద్దు నా మెసేజి ఎందుకు సదవలే?"

చానెలాయన తల వంచుకున్నాడు. "పెద్దాయన మనుషులు పక్కన్నే ఉండిరి మామా."

"ఉంటారు. రేపు గూడా ఉంటారు." ఆయన ఫోను తీసి దిండు పక్కన పెట్టుకున్నాడు. "ఇంట్లో అందర్నీ పిలిచి కూచోబెట్టింటి రా. నువ్వు సదువుతావని."

చానెలాయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నన్ను అడగకుండానే షాపుకు ఫోను కలిపాడు. "అక్కా, బొమ్మలు మొదట్లో ఎట్లుండెనో అట్లనే పెట్టు." అవతల నుంచి, "అప్పుడే తయారుగా పెట్టుకోని కూచున్యా" అని ఆవిడ అరవడం నాకూ వినబడింది.

ఆ సాయంత్రానికి కొత్త ఖాతాలవాళ్ళందరికీ పాలపళ్ళు మొలిచాయి. తిట్లు ఎన్ని రకాలుంటాయో నాకు అప్పుడు తెలిసింది. కొందరు వెళ్ళిపోయారు, కొందరు సిగ్గు లేకుండా పాత ఖాతాలు వెతుక్కుంటూ వచ్చారు. పెద్దాయన చందా మరుసటి నెలకు ఎవరూ కట్టలేదు, కాబట్టి ఆయనకు ఏ పళ్ళూ లేకుండా పోయాయి. అయినా అనుచరుడు ఆ సంగతి మరిచిపోలేదు. తర్వాతి పోటీల్లో మైదానం అంచున చోటు వేరే చానెల్‌కు ఇచ్చారు. మా చానెలాయన రోడ్డుకు అవతల ఎవరి మిద్దె మీదికో కెమెరా ఎక్కించి, అక్కణ్ణుంచే మైకు పట్టుకున్నాడు.

ఆ రోజు నేను ఇంట్లో కూర్చుని ఫోనులో చూశాను. గిత్తలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. మొదటి మెసేజి నిండునోటితో వచ్చింది. చానెలాయన దాన్ని గొంతెత్తి, ఒక్క అక్షరం వదలకుండా చదివాడు: "గిత్తలు నల్లులంత కనబడతాండాయి గదరా అల్లుడా, యాడ పెట్టి సచ్చినావ్ కెమెరా?"